రేవు వదిలేసి కట్టిన ఊరు

ఇప్పలగొంది డ్యాం నీళ్ళలో మునిగిపోయి ఇరవై నాలుగేళ్ళయింది. ఆ ఊరిని మళ్ళీ కట్టే పని కాకినాడలో, ఒకప్పటి బియ్యం గోదాంలో జరుగుతోంది. అక్కడ ఇటుకలు లేవు, సిమెంటు లేదు. వరసగా కంప్యూటర్లు, ఒక పడక కుర్చీ, తలకు కట్టుకునే పట్టీలు, గోడకి ఊరి పటం ఉన్నాయి. ఊళ్ళో బతికినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో పడుకుని తమకు గుర్తున్నది ఇస్తారు. యంత్రం ఆ గుర్తులన్నిటినీ కలిపి ఊరు కడుతుంది. పట్టీ కట్టుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో నడవొచ్చు, అరుగు మీద కూర్చోవచ్చు, ఒకరికొకరు కనిపిస్తారు.

ప్రారంభానికి వారం ముందు మాజీ ప్రెసిడెంటు యర్రంశెట్టి సూర్యారావు గోదాంకి వచ్చాడు. ఆయనకి ఎనభై దాటాయి. పునరావాస కాలనీ కమిటీకి ఇప్పటికీ ఆయనే పెద్ద. ప్రారంభం జరగాల్సిన హాలు తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

"రేవు తీసెయ్యమ్మా," అన్నాడు.

ఈ పనికి పెద్ద సత్యవేణి. ఇంటిపేరు కామాడి. ఇప్పలగొందిలోనే పుట్టింది. ఊరు ఖాళీ చేసేనాటికి ఐదో తరగతి.

"తీసెయ్యడమేంటండీ? రేవు లేకపోతే అది మన ఊరెలా అవుద్ది?"

"ఆ పడవలో పోయినోళ్ళ ఇళ్ళు కాలనీలో ఉన్నాయి. పేరంటానికి పిలిచినట్టు పిలిచి ఆళ్ళని ఏడిపిత్తావా? ఊరంతా చూపించు. రేవొక్కటీ వద్దు."

"లోవమ్మ పిన్ని ఏమంటాదో."

"లోవమ్మని అడిగాను. ఏం మాట్టాళ్ళేదు."

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టాండీ?"

ఆయన కర్ర ఆనించి లేచాడు. "తాళం నా కాడుంది తల్లీ," అని వెళ్ళిపోయాడు.

లోవమ్మ భర్త సంగాడి అప్పలస్వామి ఇప్పలగొంది రేవులో పడవ వేసేవాడు. ఊరు గోదావరికి ఇవతల, రోడ్డూ బస్సులూ అవతల. పొద్దున్నే జనాన్ని దాటించేవాడు, సాయంత్రం తీసుకొచ్చేవాడు. తిరిగి బయల్దేరే ముందు అవతలి ఒడ్డున పడవ ముక్కు మీద నిలబడి, పొద్దున దాటించిన ఇంటిపేర్లన్నీ పిలిచేవాడు. ఉన్నవాళ్ళు 'ఆయ్' అనాలి. ఎవరైనా అక్కడే ఉండిపోయినా, ఇంకో దారిన ఇల్లు చేరినా ఆ కబురు ఎవరో ఒకరు చెప్పాలి. ఇవతలి ఒడ్డు నుంచి కేకేసినా సరిపోయేది. ప్రతి పేరుకీ జవాబు వచ్చేదాకా అతను తాడు విప్పేవాడు కాదు. అతని తండ్రీ అంతే.

రెండు కొండల మధ్య నది ఇరుగ్గా ఉండేది. పిలుపు ఊళ్ళోకి వినిపించేది. తమ ఇంటిపేరు వినిపించాక ఆడవాళ్ళు ఎసరు పెట్టేవారు. పడవ ఇవతలికి చేరేసరికి అన్నం ఉడుకుతూ ఉండేది.

ఊరు మునగడానికి ముందు ఏడాది, శ్రావణంలో, ఆ పడవ నది మధ్యలో తిరగబడింది. అందులో ఉన్న నలుగురిలో ఎవరూ మిగల్లేదు. నలుగురిలో అప్పలస్వామి ఒకడు. నీళ్ళు పెరుగుతున్నాయని తెలిసి కూడా అతను చీకటి పడ్డాక బయల్దేరాడు. ఆ రోజు గాలివాన. అతను ఏం పిలిచాడో ఇవతలికి వినిపించలేదు. అంతసేపు ఎందుకు ఆగాడో ఎవరికీ తెలియలేదు. కల్లు తాగి ఉంటాడని ఊరు తేల్చింది.

సూర్యారావు వచ్చి వెళ్ళిన మర్నాడు సత్యవేణి కాలనీకి వెళ్ళింది. అక్కడ ఇళ్ళకి నంబర్లు. పాలవాడికి, పోస్టుమేనుకి లోవమ్మ అంటే తెలియదు. బి-పద్నాలుగు ఆవిడంటే తెలుసు. ఆవిడ వాకిట్లో పట్టా పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది.

"అయితే రేవు లేదంటావ్," అంది లోవమ్మ, తల ఎత్తకుండా.

"ఈసారికి లేదు పిన్నీ."

"మళ్ళీసారికి నేనుంటానేంటి?"

"ఎందుకుండవ్? నీ చేపల వాసనకి యముడు సందు చివరే ఆగిపోతాడు."

"ఆగుతాడు. బేరమాడతాడు. మీ అమ్మలాగే." లోవమ్మ ఒక చేపని ఏరి పక్కన పెట్టింది. "మరి నా కాడ తీసుకున్న గొంతేం చేశావే?"

ఈ ప్రశ్న సత్యవేణికి కొత్త కాదు. ఆరేళ్ళ కిందట యంత్రం తయారైనప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ రాలేదు. మొదట వచ్చింది లోవమ్మ. రేవు మెట్ల మీద కూర్చుని తాను విన్న పిలుపుని ఆవిడ ఇచ్చింది. అప్పటి యంత్రానికి ఒకసారి చెబితే అందేది కాదు. ఒకే గుర్తుని మళ్ళీ మళ్ళీ పైకి రప్పించేది. రప్పించినకొద్దీ అది మనిషిలో పలచబడుతుంది. ఇప్పుడు వందమంది దగ్గర కొంచెం కొంచెంగా తీసుకుంటున్నారు కాబట్టి ఎవరికీ పెద్దగా తరగడం లేదు. అప్పుడు మొత్తం ఒక్క మనిషి దగ్గరే తీసుకున్నారు. నెల తిరిగేసరికి లోవమ్మకి భర్త పిలిచేవాడని తెలుసు. ఎలా పిలిచేవాడో తెలియదు.

వినిపిస్తానని సత్యవేణి మాటిచ్చింది. పట్టీలు తయారవడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఆలోపు లోవమ్మ గుర్తులు దాచిన డిస్కు పాడైపోయింది. ఆ సంగతి సత్యవేణే వచ్చి చెప్పింది. లోవమ్మ తిట్టలేదు. అడగడం మాత్రం మానలేదు.

"డిస్కు పోయింది గదా పిన్నీ."

"పోయిందన్నావ్. అందుకే ఊళ్ళోవాళ్ళవన్నీ కలిపి రేవు కడతానన్నావ్. అందరికీ గుర్తున్నది కలిపితే ఆ మనిషి గొంతుకి దగ్గరగా వత్తాదన్నావ్."

"అన్నాను."

"పేర్లు నాకొచ్చు. కొప్పినీడి వారు, తరవాత ముమ్మిడి వారు, తరవాత కుంజా వారు. వరస తప్పను. తలుచుకుంటే అయ్యన్నీ నా గొంతుతోనే వినపడతన్నాయే. ఆ మనిషిది రాదు." లోవమ్మ పట్టా అంచు మీద రాయి సర్దింది. "ఒడ్డుకి రావడం ఇవ్వలేదు. అదే నయం."

అది నిజం. ఆ రోజు కుర్చీలో పడుకునే ముందే ఆవిడ కచ్చితంగా చెప్పింది. పిలుపు తీసుకో, బయల్దేరడం తీసుకో, ఏటి మధ్య దాకా తీసుకో. పడవ ఒడ్డుకొచ్చి తాడు నా చేతికి విసిరేది మాత్రం నేనివ్వను. రోజూ ఆ తాడు అందుకుని మొద్దుకి చుట్టేది లోవమ్మే.

గోదాంలో సత్యవేణితో పనిచేసేవాడు డేనియల్. కాకినాడవాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. రేవు తీసేస్తున్నామని చెప్పగానే అతను గోడ మీది పటం వైపు చూశాడు.

"సంత వీధి నిలబడదండి మేడం. సరుకంతా రేవులో దిగే వత్తాది. బడి కూడా పోద్ది. మాస్టారు పడవ దిగి రావాలి గదండి."

"తెలుసు. కట్టి చూద్దాం. పడిపోతే పడిపోయిన చోటే మాటు వేద్దాం."

ఊరు నలభై భాగాలు. బడి ఒకటి, కొండదారి ఒకటి, అడ్డాకు విస్తళ్ళు కుట్టే పాక ఒకటి. ఒక్కో భాగం కొన్ని వేరే భాగాల మీద ఆధారపడుతుంది. నల్ల తెర మీద ఒక వరస రాసి మీట నొక్కితే యంత్రం ఏది ముందో ఏది వెనకో తానే చూసుకుని మొత్తం కడుతుంది. ఏదైనా వద్దనుకుంటే ఆ వరసలోనే దాని పేరు రాసి, ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. సత్యవేణి ఆశ్చర్యార్థకం పెట్టింది. పక్కన 'రేవు' అని రాసింది. చేతులు వెనక్కి తీసుకుంది.

"అంతేనాండీ?" అన్నాడు డేనియల్. "ఒక గీత, ఒక చుక్క. డ్యాం కట్టినోళ్ళు పదేళ్ళు తీసుకున్నారు."

"నోరు మూసుకుని నొక్కు."

అతను నొక్కాడు. పొద్దున మొదలైన పని మర్నాడు మధ్యాహ్నానికి ముగిసింది. తెర మీద పేర్లు ఒకటొకటిగా వచ్చాయి. కొండదారి, అయింది. రేవు, వదిలేయబడింది. సంత వీధి, అయింది. బడి, అయింది. చివరి వరస ఆకుపచ్చగా వచ్చింది.

"నిలబడిందండి!"

"రేవు లేకుండా సంత వీధి ఎలా నిలబడింది?"

"ఆకుపచ్చ వచ్చాక అడక్కూడదండి మేడం. అడిగితే ఎర్రదైపోద్ది."

ప్రారంభానికి మూడు రోజులే ఉంది. పట్టీలు సరిచూడాలి, కుర్చీలు మాట్లాడాలి, హాల్లో యంత్రాలకి కరెంటు తీగ లాగాలి. పని అయిందని యంత్రం చెప్పాక, ఎందుకు అయిందని వెతికే తీరిక ఎవరికీ లేదు. సంత వీధి చివర తెల్లటి పొగలాంటిది ఉంటుందని, జనం అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారని సత్యవేణి అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కాలనీ హాల్లో కుర్చీలు వేశారు. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. పట్టీలు కట్టారు. డేనియల్ గోడ పక్కన కంప్యూటరు ముందు ఉండిపోయాడు. అతని మాట వినిపించేలా చెవిలో చిన్న యంత్రం పెట్టుకుని, సత్యవేణి వాళ్ళతో పాటు ఊళ్ళోకి వెళ్ళింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"ఇదిగోనే, మా సీతాఫలం చెట్టు!"

"మీదెప్పుడైందే? మా గోడ లోపలుండేది."

"కాయలు మా వైపు పడేయిగా!"

"పడేయి కాదు, మీ ఆయన రాల్చేవోడు."

సోడా బండి దగ్గర బాదిరెడ్డి గోళీ నొక్కుతున్నాడు. అతను పోయి పన్నెండేళ్ళు. అతని కొడుకు ఎదురుగా నిలబడి "నాన్నా" అన్నాడు. బాదిరెడ్డి సోడా కొట్టి చేతికిచ్చాడు. కట్టిన ఊళ్ళో మనుషులు మాటకి మాట చెప్పరు. అలవాటు ప్రకారం చేసేది చేస్తారు. కొడుకు ఆ సోడా తాగాడు.

గురువారం సంత. వెదురు బుట్టలు, చింతపండు, తేనె, కిరసనాయిలు డబ్బాలు. గొడుగు చంకన పెట్టుకుని మాస్టారు నడిచి వస్తున్నారు. ఆయన చెప్పుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. సత్యవేణి ఆ చెప్పుల వైపు చూసి ఆగిపోయింది. ఆయన పడవ దిగి వచ్చారు.

వీధి చివర పొగ లేదు. మెట్లున్నాయి. మెట్ల కింద నది ఉంది. తాడు చుట్టే మొద్దు ఉంది.

జనం దిగడం మొదలుపెట్టారు. ఎవరూ దారి చూపలేదు. సాయంత్రమైతే ఆ వీధిలో కాళ్ళు అటే పోయేవి. లోవమ్మ నాలుగో మెట్టు మీద, ఎడం వైపు, గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దు కొండ వెనక్కి దిగింది.

అవతలి ఒడ్డు నుంచి పిలుపు వచ్చింది.

"కొప్పినీడి వారో!"

సత్యవేణి చెవిలో డేనియల్ గొంతు వినిపించింది.

"మేడం, ఇప్పుడే వెతికానండి. రేవు వదిలెయ్యమంటే కొత్తగా కట్టడం మాత్రమే వదిలేసిందండి. మిగతా భాగాలు రేవు కావాలని అడిగితే, ఇదివరకు కట్టినవి దాచే కొట్లోంచి పాత ప్రతి తీసి పెట్టింది. ఆరేళ్ళ కిందటిదండి. ఒకే ఒక్క మనిషి గుర్తులతో కట్టింది. ఎవరిదండి అది?"

డిస్కు పాడవకముందు ఆ గుర్తులతో ఒకసారి రేవు కట్టి చూసింది సత్యవేణే. కట్టింది నిలిచిందని చూసుకుని పక్కన పడేసింది. అప్పటికి నడిచి చూడటానికి పట్టీలు లేవు. ముడి గుర్తులు పోయాయని ఏడ్చింది గానీ, కట్టిన ప్రతి కొట్లో మిగిలి ఉంటుందని తట్టలేదు.

"కొప్పినీడి వారో!"

కొప్పినీడి వాళ్ళ కోడలు రెండు మెట్లు దిగింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

"వచ్చేశాం! ఇక్కడే ఉన్నాం!"

"ముమ్మిడి వారో!"

"ఇక్కడే ఉన్నాం!"

"కుంజా వారో!"

కుంజా వాళ్ళ పెద్దకొడుకు ఆ పడవలోనే పోయాడు. చెల్లెలు గంగమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. పిలుపు రెండోసారి వచ్చింది. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఉన్నాం! ఇక్కడే ఉన్నాం!"

పేరు తరవాత పేరు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుగా నంబర్లతో బతికిన ఇళ్ళవాళ్ళు తమ పేరు కోసం ఎదురుచూశారు. వచ్చినప్పుడు అరిచారు. కొందరు నవ్వారు. ఒక ముసలావిడ, అలవాటు కొద్దీ, "ఎసరు పెట్టాలి" అని వెనక్కి తిరిగి రెండు మెట్లెక్కి ఆగిపోయింది.

సత్యవేణి లోవమ్మ పక్కన కూర్చుంది.

"ఆ మనిషేనా పిన్నీ?"

"నన్నడుగుతావేంటే? నాకు గుర్తు లేదుగా." లోవమ్మ నది మీంచి చూపు తిప్పలేదు. "ఇదే అయ్యుంటాది. గొంతు ముక్కులోంచి వత్తంది. మా మావగారిదీ అంతేనంట."

"యర్రంశెట్టి వారో!"

జవాబు లేదు.

"యర్రంశెట్టి వారో!"

జనం వెనక్కి చూశారు. సూర్యారావు పై మెట్టు మీద కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొడుకు ఆయన మోచెయ్యి తాకాడు. "నాన్నా, మనల్నే." ఆయన మోచెయ్యి విడిపించుకున్నాడు.

"పోనీ నేను చెప్పనా పిన్నీ?" అంది సత్యవేణి.

"నువ్వాగు. పిలవనీ," అంది లోవమ్మ. "జవాబొచ్చేదాకా పిలుత్తాడు. ఎంతసేపైనా పిలుత్తాడు." ఆవిడ గడ్డం మోకాలి మీద ఆనించుకుంది.

పిలుపు వస్తూనే ఉంది. ఒక్కో పిలుపుకీ మధ్య అంతే ఎడం. కోపం లేదు, తొందర లేదు. అవతలి ఒడ్డున లాంతరు వెలిగింది.

డేనియల్ మళ్ళీ మాట్లాడాడు. "మేడం, ఇంకోటండి. వచ్చేసారి అందరివీ కలిపి రేవు కడితే ఈ పాత ప్రతి మీదే రాసేత్తాదండి. ఇది మిగలదు."

"అయితే కట్టం," అంది సత్యవేణి. "ఆ ఆశ్చర్యార్థకం అలాగే ఉంచు."

"ఎప్పటిదాకా అండి?"

ఆమె జవాబు చెప్పే లోపు సూర్యారావు మెట్లు దిగడం మొదలుపెట్టాడు. కొడుకు పట్టుకోబోతే వద్దన్నాడు. నీళ్ళ దాకా వచ్చి ఆగాడు.

"యర్రంశెట్టి వారో!"

"ఒరే అప్పలసామీ!" ఆయన గొంతు చీరుకుపోయింది. మళ్ళీ అరిచాడు. "అప్పలసామీ! నేను వచ్చేశాన్రా! ఆఫీసర్ల లాంచీలో వచ్చేశాన్రా! నా కోసం ఆగొద్దు! నువ్వు రా!"

ఆ మాట అర్థం కావడానికి కొందరికి కొంచెంసేపు పట్టింది. గంగమ్మకి అందరికంటే ముందు అర్థమైంది. ఆమె మెట్టు మీద కూలబడింది.

లోవమ్మ తల తిప్పి ఆయన వైపు చూసింది.

"ఆ రోజు కబురు చెప్పలేదా బాబూ?"

"చెప్పలేదు లోవమ్మా. వానలో రేవుకెవరెళ్తారని... చెప్పలేదు."

"తాగాడన్నారు."

"అన్నారు. నేను విన్నాను."

అవతల తాడు నీళ్ళలో పడిన చప్పుడైంది. లాంతరు కదిలింది.

పడవ వస్తోంది. గడ నీళ్ళలో దిగడం, లేవడం వినిపిస్తోంది. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తున్నారు. నది మధ్యకి వచ్చాక లాంతరు ఆగింది. గడ చప్పుడు ఆగింది. నీళ్ళూ ఆగాయి. ఆ ప్రతి అక్కడితో అయిపోయింది. లోవమ్మ ఇచ్చింది అంతవరకే.

"ఆగిపోయిందేంటి?" అన్నారెవరో.

లోవమ్మ లేచింది. మెట్లు దిగి, సూర్యారావుని దాటుకుని, మొద్దు పక్కన నిలబడింది. ఆవిడ చూపు నది మధ్యన లేదు. దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుగుతోంది.

సత్యవేణి తన పట్టీ తీసేసింది.

హాల్లో ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. కుర్చీల్లో జనం కళ్ళు మూసుకుని ఉన్నారు. సూర్యారావు చెంపలు తడిసి ఉన్నాయి. డేనియల్ కంప్యూటరు వదిలేసి లేచి నిలబడ్డాడు. ముందు వరసలో లోవమ్మ నిలబడి ఉంది. తడవకుండా ఎడం చేత్తో కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. కుడి చెయ్యి ముందుకి చాపింది. వేళ్ళు ముడుచుకున్నాయి. ఏదో బరువు లాగినట్టు మోచెయ్యి ఒకసారి సాగింది. ఆవిడ కాలు నేల మీద ఊని, చేతిని రెండు చుట్లు తిప్పింది.

తరవాత పట్టీ తనే విప్పుకుని కుర్చీ మీద పెట్టింది. అరచేతిని చూసుకుని, పైట చెంగుకి తుడుచుకుంది.